వందనాలు చెప్తేనే పలికే ప్రాజెక్టు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టును ఎక్కడినుంచో తెచ్చి అట్ట మార్చేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం సొంతంగా చేయాలన్న పంతం పట్టుకుంది (పంతముంటే చాలు, ప్రోగ్రాం దానంతటదే రాసుకుంటుందని నా నమ్మకం). వేంపల్లె దగ్గర మా పల్లె జనం నోటితో అడిగితే బస్సు ఎక్కడుందో చెప్పే యాప్ చేస్తానని కర్నూలు కాలేజీ అంతా చాటాను. ప్రాజెక్టులో నా జతగాణ్ణి మేము 'రేపు' అని పిలిచేవాళ్ళం. ఏ పని చెప్పినా "రేపు చేద్దాంలే" అనేవాడు. పరీక్ష దగ్గరపడింది, ప్రాజెక్టు సగం కూడా కాలేదు. అది గట్టెక్కకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే చేతికొచ్చిన ఉద్యోగమూ లేదు.

మాటలు గుర్తుపట్టాలంటే యంత్రానికి నలుగురి గొంతులు వినిపించాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక మా నాయనమ్మ, అదే మా జేజి, చర్చిలోని ఆడవాళ్ళందరినీ నా ఫోను ముందుకు తోలుకొచ్చింది. "వేంపల్లె బస్సు యాడుండాది అని మాత్రం అడగండి, చాలు" అన్నాను. "అట్లా మొగాన అడిగేస్తే ఏం మర్యాదే అమ్మీ? ముందు వందనాలు చెప్పొద్దా?" అని కసిరింది జేజి. దాంతో అందరూ "వందనాలమ్మా" అన్నాకే బస్సు సంగతి ఎత్తారు. ఆ వందనాలను కత్తిరించే పని 'రేపు'కు అప్పగించాను. అదేమైందో మీకు చెప్పక్కర్లేదు.

పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన సారు గొంతు సవరించుకుని, "వేంపల్లె బస్సు ఎక్కడ ఉంది?" అన్నారు. లాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ అడిగారు. అంతే. 'రేపు' ఫ్యాను వైపు చూస్తున్నాడు. "పని చేయడం లేదు కదమ్మా. వచ్చే ఏడాది చూసుకుందాం" అని సారు ఫైలు మూయబోయారు. ఎందుకు పలకడం లేదో అప్పుడు తట్టింది.

"చేస్తాది సార్! సగమే అయినాది, అయిన సగం బాగా చేస్తాది. ముందు దానికి వందనాలు చెప్పండి."

"దేనికి?"

"లాప్‌టాప్‌కు సార్. మా జేజి అట్లా నేర్పించింది."

సారు నన్నోసారి, తలుపునోసారి చూశారు. ఎవరూ రావడం లేదని రూఢి చేసుకుని, రెండు చేతులూ జోడించి, "వందనాలమ్మా! వేంపల్లె బస్సు యాడుండాది?" అన్నారు. ఆయనది కడప పక్కనే అని అప్పుడే తెలిసింది.

"బస్సు కడప దాటింది" అంది యంత్రం.

"మరి ఆదోని బస్సు?"

"బస్సు కడప దాటింది."

(ఏ బస్సైనా కడపే దాటేది. తక్కిన జవాబులు ఇంకా రాయలేదు.) సారు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "తతిమ్మాది ఎప్పుడు చేస్తావమ్మీ?" అన్నారు.

"చేస్తానే ఉండా సార్" అన్నాను, తడుముకోకుండా. పాస్ మార్కులకు ఒక్కటే ఎక్కువేసి సంతకం పెట్టారు.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో పెద్ద పనులే చేస్తున్నాను. పని సగంలో ఉంటే స్లైడ్లలో రంగురంగుల బొమ్మల చాటున దాచి, "దాదాపు అయిపోయింది" అనడం కూడా నేర్చుకున్నాను. సగం పనిని చేతిలో పట్టుకుని, ఇది సగమే అని తలెత్తి చెప్పిన ఆనాటి ఆ పిల్లంటే నాకు ముచ్చట. కొంచెం కుళ్ళు కూడా.