ఆయన ఎదుటి కుర్చీలో సాయంత్రాలు

మా వీధి చివర లాడ్జి మేడమీద బార్ తెరిచినప్పుడు నేను లోలోపల సంతోషించాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంతకుముందు మా ఆయన తాగేది మా రాజపాళయం బస్టాండు వెనక ఉన్న సర్కారు షాపులో. అక్కడ జనం నిలబడి, ప్లాస్టిక్ గ్లాసుల్లో పోసుకుని, గటగటా తాగేసి రోడ్డు మీద పడిపోయేవారు. మా ఆయన పడేవారు కాదు గానీ, పడినవాళ్ళను దాటుకుంటూ ఇంటికి వచ్చేవారు. కొత్త బార్‌లో ఏసీ ఉంది. మెత్తటి కుర్చీలున్నాయి. బీరును గాజు మగ్గులో పోసి ఇస్తారు. లాడ్జి యజమాని బెంగళూరు పద్ధతిలో రకరకాల బీర్లు తెప్పించి పెట్టాడని, అందులో గోధుమ బీరు తనకు నచ్చిందని మా ఆయన చెప్పారు.

"ఇది తాగుడు కాదు. మర్యాదగలవాళ్ళు కూసునే చోటు," అన్నారు.

నేనూ అలాగే అనుకున్నాను. ఆయన స్పిన్నింగ్ మిల్లులో మాస్టరు. నూలు తెగకుండా మిషన్లు నడిపించడం, ఏ షిఫ్టుకు ఎవరు రావాలో చూడడం ఆయన పని. నేను బ్యాండేజీ గుడ్డ చేసే కంపెనీలో చెకింగ్ సెక్షన్‌లో ఉన్నాను. ఇద్దరికీ సాయంత్రానికి పని అయిపోతుంది. నేను ఇంటికి వచ్చేసరికి ఆయన బార్‌కు బయలుదేరేవారు. రాత్రి భోజనం వేళకు నిటారుగా నడిచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకునేవారు. తిట్లు లేవు, గొడవ లేదు. మాటలూ లేవు. మా అమ్మాయి కోయంబత్తూరు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మేమిద్దరమే.

తరువాత ఆయన కాళ్ళు వాచాయి. పొట్ట ఉబ్బింది. మదురైలో డాక్టరమ్మ స్కాన్ చూసి, లివర్ గట్టిపడిపోయిందని, ఇక ఒక్క చుక్క కూడా తాగకూడదని తమిళంలో మెల్లగా, నా వైపు చూసి చెప్పింది. ఆయన తల ఊపారు.  కొన్ని వారాలు బార్ వైపు పోలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక సాయంత్రం ఆయన చొక్కా మార్చుకుని చెప్పులు వేసుకుంటుంటే చూశాను.

"యాడికి?" అని అడిగాను.

"ఊరికే. కొంచేపు కూసోని వస్తాను."

"డాక్టరమ్మ ఏం చెప్పినారు?"

"ఆమె బ్రాందీ తాగేవాళ్ళకు చెప్పినారు. బీరంటే బార్లీ నీళ్ళు కదా."

ఏడ్చాను. అరిచాను. పొయ్యి వెలిగించకుండా పస్తులున్నాను. అమ్మాయి చేత ఫోన్ చేయించాను. ఆయన అన్నీ తల వంచుకుని వినేవారు. వేళ కాగానే చెప్పులు వేసుకునేవారు. ఎదురు తిరిగి నాలుగు మాటలు అన్నా నేను తట్టుకునేదాన్నేమో. ఆ వంచిన తలను చూస్తేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక రోజు కంపెనీ నుంచి వస్తూ ఇంటికి పోలేదు. భుజాన టిఫిన్ బ్యాగు, చీర మీద దూది పోగులు, అలాగే లాడ్జి మెట్లెక్కాను. ఎందుకు ఎక్కుతున్నానో నాకే తెలియదు. చెయ్యి పట్టుకుని లాక్కురావాలనుకున్నానేమో. తలుపు తోయగానే చల్లటి గాలి, వేయించిన పల్లీల వాసన, ఫినాయిల్ వాసన. టీవీలో క్రికెట్ నడుస్తోంది, శబ్దం లేదు. పది పదిహేనుమంది మగవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేశారు. గోడవారగా ఒక బల్ల దగ్గర మా ఆయన ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఆయనకు అక్కడ స్నేహితులు ఉంటారనుకున్నాను. ఎవరూ లేరు.

చెయ్యి పట్టుకోలేదు. ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏంది ఇది? లెయ్యి," అన్నారాయన, పెదవులు కదిలీ కదలకుండా.

"మీరు తాగండి. నేను కూసుంటాను."

"అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ."

సర్వరు వచ్చాడు. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వచ్చే పెద్దమనిషి, మాలాగే తెలుగువాడు. ఏం చెయ్యాలో తెలియక మెనూ కార్డు నా ముందు పెట్టి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. నిమ్మకాయ సోడా, ఉప్పు వేసి తెమ్మన్నాను. మా ఆయన మగ్గులో ఉన్నది పూర్తి చెయ్యకుండా లేచారు. ఇంటిదాకా నాకంటే నాలుగడుగులు ముందు నడిచారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మరునాడూ వెళ్ళాను. ఆ మరునాడూ. వారం గడిచేసరికి ఆయన లేవడం మానేశారు. మూడు సీసాలు తాగే మనిషి నా ఎదుట ఒక్కటి తాగేవారు, అదీ చాలాసేపు. దాన్ని చూసి నేను గెలిచాననుకున్నాను. అంతలోనే, ఆ ఒక్కటి మాత్రం నా కళ్ళముందే గొంతులోకి దిగుతోంది కదా అనిపించేది. ఆయన చావుకు దగ్గరవుతుంటే నేను పక్కన కూర్చుని సోడా తాగుతున్నానా అని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఆ బల్ల దగ్గర కూర్చుంటే చాలా కనిపించేది. పక్క బల్ల దగ్గర ఒక పత్తి బ్రోకరు రోజూ కూర్చునేవాడు. భార్య ఫోన్ చేస్తే, నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంకా మంసాపురంలోనే ఉండాను, పార్టీ రాలేదు" అని చెప్పేవాడు. మొదట్లో నన్ను చూసి గొంతు తగ్గించేవాడు. తరువాత కుర్చీ తిప్పుకుని నాకు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. కొందరు నన్ను చూడగానే వేరే బల్లకు మారేవారు. ఒకాయన సెల్‌ఫోన్ పైకెత్తి నా ఫోటో తీయబోతే, సర్వరు వెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు. నాకు భయం వేయలేదని చెప్పను. 

ఒక సాయంత్రం మా ఆయన తన మగ్గును నా వైపు జరిపారు.

"వాసన చూడు," అన్నారు.

చూశాను. నారింజ తొక్క వాసన, దాని వెనకే ధనియాల వాసన.

"ధనియాలు వేస్తారా దీంట్లో?"

"వేస్తారంట. నాకు అది చూస్తే మా అమ్మ చేసే రసం గుర్తొస్తాది."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన వాళ్ళమ్మ గురించి నాతో అంత మాట చెప్పింది అదే మొదలు. ఆ రోజు నుంచి కొంచెం కొంచెంగా మాట్లాడారు. మిల్లులో కొత్త మిషన్లు వచ్చాయని, వైండింగ్‌లో నూలు చుట్టే ఆడవాళ్ళను ఇక పనికి రావద్దని చెప్పే పని తన మీద పెట్టారని చెప్పారు. అందులో ఒకామె తన చేతులు పట్టుకుని వదల్లేదట. "నన్ను మాస్టరన్నా అని పిలిచేది," అన్నారు. ఇదంతా ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఇంట్లో ఎట్ల చెప్పేది?" అన్నారు. దానికి అర్థం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కానీ ఆ చీకటి గదిలో, మగవాళ్ళ చూపుల మధ్య, మా పెళ్ళయ్యాక ఎన్నడూ లేనంత దగ్గరగా ఉన్నాం. అది తలుచుకుంటే సిగ్గుగానూ ఉండేది, మర్నాటి సాయంత్రం కోసం ఎదురుచూపుగానూ ఉండేది.

వార్త మా ఆడబిడ్డకు చేరింది. ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మన ఇంటి ఆడది బార్‌లో కూసుంటాదా? ఊర్లో తల ఎత్తుకోని తిరిగేది ఎట్ల?"

"మీ తమ్ముడు ఇన్నేండ్లు కూసున్నప్పుడు తల ఎట్ల ఎత్తుకోని తిరిగినారు వదినా?"

ఆమె కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ తరువాత చాలా నెలలు మా గడప తొక్కలేదు.

బార్ మేనేజరు కూడా ఒక సాయంత్రం మా బల్ల దగ్గరకు వచ్చాడు. చేతులు కట్టుకుని, మర్యాదగానే మాట్లాడాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. కస్టమర్లు కంప్లెయింట్ చేస్తా ఉండారు. కింద ఫ్యామిలీ రూం ఉండాది. ఆడ కూసోండి. సోడా ఆడికే పంపిస్తాను."

"ఆడవాళ్ళు రాకూడదని రూల్ ఉండాదా?"

"రూల్ లేదక్కా. వాళ్ళకు సంకటంగా ఉండాది."

పత్తి బ్రోకరు మా వైపు చూడకుండా పల్లీలు నములుతున్నాడు. కంప్లెయింట్ ఎవరిదో నాకు అర్థమైంది. ఇక లేవక తప్పదనుకుని బ్యాగు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు మా ఆయన తల ఎత్తారు.

"ఆమె నా సంసారం," అన్నారు, అందరికీ వినపడేటట్టు. "నేను ఈడ కూసుంటే ఆమె కూడా ఈడ కూసుంటాది. ఆమె పోవాలంటే నేనూ పోతాను."

మేనేజరు సరే అని వెళ్ళిపోయాడు. నేను బ్యాగు మళ్ళీ కింద పెట్టాను. 

ఆ తరువాత ఎక్కువ రోజులు గడవలేదు. ఒక సాయంత్రం ఆయన మిల్లు గురించి ఏదో చెబుతూ మధ్యలో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వేళ్ళ మధ్య నుంచి రక్తం వచ్చింది. బల్ల మీద, నా సోడా గ్లాసు మీద, నా చీర మీద. నేను అరిచానో లేదో గుర్తు లేదు. మొదట పరుగెత్తుకొచ్చింది పత్తి బ్రోకరు. మా ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు. కాళ్ళు సర్వరు పట్టుకున్నాడు. నన్ను చూసి కుర్చీలు తిప్పుకున్నవాళ్ళే ముందుకొచ్చి, మెట్ల మీద అందరినీ తప్పించి దారి చేశారు. బ్రోకరు తన కారులోనే మమ్మల్ని మదురై తీసుకుపోయాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి, "కళ్ళు మూసుకోనీకమ్మా, పలకరిస్తా ఉండు" అంటూనే ఉన్నాడు.

లోపల రక్తనాళం పగిలిందన్నారు. గొట్టం వేసి ఆపారు. ఆయన బతికారు. ఆ తరువాత మళ్ళీ ముట్టలేదు. పొట్ట తగ్గింది, ముఖానికి రంగు వచ్చింది. మిల్లుకు పోతున్నారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆడబిడ్డ కూడా వచ్చి, నువ్వు కాబట్టి కాపాడుకున్నావని చెయ్యి పట్టుకుంది. నేను కూర్చోవడం వల్ల ఆయన మానలేదు, రక్తం చూసి మానారని నాకు తెలుసు. ఎవరితోనూ వాదించలేదు.

ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. సాయంత్రాలు ఆయన ఇంట్లోనే ఉంటారు. టీవీ చూస్తారు, పేపరు తిరగేస్తారు. ఏదైనా అడిగితే "ఊఁ" అంటారు. మళ్ళీ మాటలు పోయాయి. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, నిమ్మకాయ నీళ్ళు ఇచ్చి చూశాను. ఆయన తాగి గ్లాసు కింద పెట్టారు. అంతే. ఆ బల్లను తలుచుకుని వంటింట్లో ఏడ్చిన రోజులున్నాయి. ప్రాణం దక్కిన మనిషిని పక్కన పెట్టుకుని, ఆ ప్రాణం తీయబోయిన చోటు కోసం ఏడవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం పత్తి బ్రోకరు భార్య మా ఇంటికి వచ్చింది. అంతకుముందు గుడిలో, పెళ్ళిళ్ళలో చూసిన ముఖమే. చాలాసేపు అమ్మాయి చదువు గురించి అడిగి, చివరకు చెప్పింది.

"మా ఇంటాయనకు కూడా కాళ్ళు వాచినాయి అక్కా. మంసాపురం పోతాననే చెప్తా ఉండారు. యాడికి పోతారో నాకు తెలుసు. ఒక దినం నాతో వస్తారా? ఒక్కదాన్నే మెట్లెక్కలేను."

 దాని వల్ల ఏమీ కాకపోవచ్చమ్మా అని నిజమే చెప్పాను. ఆమె తల ఊపింది గానీ లేవలేదు. లోపలి గదిలో నుంచి మా ఆయన గొంతు వినపడింది.

"తోడు పో."

నేను లోపలికి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు.

"మీకు సిగ్గయింది కదా, నేను వచ్చినప్పుడు?" అన్నాను.

"అయింది. కానీ రెండో దినం తలుపు పక్కకే చూస్తా ఉంటిని, నువ్వు వస్తావా రావా అని," అన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం మెట్లెక్కాం. భార్యను చూడగానే బ్రోకరు లేచి నిలబడ్డాడు. ఆమె కూర్చోబోతుంటే, మా పక్కనుంచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కిటికీలో నుంచి చూస్తే బస్టాండు వైపు, సర్కారు షాపు ఉన్న వైపు నడుస్తున్నాడు. ఆమె ఆయన వదిలిన మగ్గు ముందు కూర్చుంది.

"ఆయన మళ్ళా వస్తారా అక్కా?"

"తెలీదమ్మా."

సర్వరు అడగకుండానే రెండు సోడాలు తెచ్చి పెట్టాడు. అవి అయ్యేదాకా కూర్చున్నాం. బ్రోకరు తిరిగి రాలేదు. ఆమెను ఇంటి గుమ్మం దాకా దిగబెట్టాను. మళ్ళీ వెళ్తుందో లేదో ఆమె చెప్పలేదు. 

ఇంటికి వచ్చేసరికి మా ఆయన టీవీ ఆపేసి, వాకిట్లో నిలబడి ఉన్నారు.

"ఏమైంది?" అన్నారు.

"ఆయన లేచి పోయినారు."

"యాడికి?"

"సర్కారు షాపుకు."

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. నన్నూ కూర్చోమని పక్కకు జరిగారు. "ఆమె ఏమనింది?" అని అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను.