కాటాకెక్కిన ఇనుము

గద్వాల నేతవాళ్ల వాడలో కుల్సుమ్‌బీని చూసి తలుపు మూసుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. మూసుకుందామని అనుకున్నవాళ్లకు కూడా ఆమె ఆ సందు ఇచ్చేది కాదు. గడప బయట చెప్పులు విడుస్తూనే "ఏం జేస్తున్నవే, ఇయ్యాల కూర ఏంది?" అని మొదలుపెట్టేది. ఆ కూరలో ఉప్పూ కారం సంగతి తేలేసరికి లోపల చాప మీద కూర్చొని ఉండేది. వాళ్లమ్మ ఆ వాడలో ఎన్నో కాన్పులు చేసిన మంత్రసాని. ఆ తల్లి చేతుల్లో పుట్టిన ఆడపిల్లలే ఇప్పుడు అత్తలై అరుగుల మీద పెత్తనం చేస్తున్నారు. కుల్సుమ్‌బీని వాళ్లు కాదనడం ఎట్లా?

అందుకే ఒక మెడికల్ కాలేజీ వాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. అక్కడ డాక్టర్ సుష్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు నేత ఇళ్లలో మొదటి ఏడాది ఎట్లా ఎదుగుతారో చూడాలి. ఎదగని పిల్లలను వెంటనే గుర్తించి దవాఖానకు పిలిపించాలి. చెప్పుకోవడానికి కుల్సుమ్‌బీ పని చాలా చిన్నది. ఇంటికి వెళ్లి, ఉయ్యాల కొక్కేనికి కాటా తగిలించి, బిడ్డను గుడ్డ జోలెలో వేసి బరువు చూసి రావాలి.

ఆమె ఆ పనిలో చేరిన రోజు భర్త నబీ సాబ్ పడీపడీ నవ్వాడు. ఆయనది కూరగాయల బండి. "నాకొక కాటా, నీకొక కాటా. నేను వంకాయలు తూస్త, నువ్వు పిల్లలను తూస్తవు. కొసరు మాత్రం ఎయ్యకు" అన్నాడు.

"మీ లెక్క తక్కెడల బొటనవేలు పెట్టి తూసేదాన్ని గాదు నేను" అని ఆమె మూతి తిప్పింది. ఆ మాట తర్వాత ఆమెకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో!

తీరా వాడలో దిగాక తెలిసింది పని సంగతి. కూర్చోబెట్టి చాయ్ పోసినవాళ్లే, సంచిలోంచి కాటా బయటికి రాగానే బిడ్డను కొంగు చాటుకు లాక్కున్నారు. పసిబిడ్డను తూచకూడదు, దిష్టి తగులుతుంది, తూచిన బిడ్డ ఎదగదు. కాలేజీ నుంచి కుర్రడాక్టర్లు వచ్చి రంగురంగుల బొమ్మలు చూపించి నచ్చజెప్పారు. అందరూ బుద్ధిగా తలలూపారు. బిడ్డను మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పరిశోధన మొదట్లోనే చతికిలబడేటట్టు ఉందని సుష్మ దిగులుపడింది.

దారి తీసింది కుల్సుమ్‌బీయే, అదీ జమ్ములమ్మ ఇంట్లో. జమ్ములమ్మ కొడుకు రాఘవేందర్, కోడలు ఉమ ఇద్దరూ చీరలు నేస్తారు. ఉమకు నెలలు నిండకముందే తొలిచూలు కొడుకు పుట్టాడు, పిడికెడంత. కుల్సుమ్‌బీ ఉయ్యాలలోకి తొంగిచూస్తే బిడ్డ పక్కన గుడ్డలో చుట్టిన చిన్న మూట కనిపించింది. అందులో ఒక ఇనప పుల్ల. చీర అంచు మీద కోట కొమ్మల బొమ్మలు దించే జకార్డు యంత్రం నుంచి మగ్గంలోకి వందల దారాలు దిగుతాయి. దారం బిగువుగా నిలబడాలని ఒక్కోదాని చివర ఒక సన్నటి ఇనప పుల్ల వేలాడదీస్తారు. పాతబడిన పుల్లలను నేతవాళ్లు పారేయరు. పసిబిడ్డ దగ్గర ఇనుము ఉండాలని అందరూ కత్తో తాళంచెవో పెడితే, వీళ్లు ఆ పుల్లను పెడతారు.

"మా ఇండ్లల్ల గూడ బిడ్డ పక్కన చాకు పెడ్తం అక్కా" అంది కుల్సుమ్‌బీ. "ఇనుము తోడుంటే దిష్టి యాడ తగుల్తది? మూటతోటే జోలెల ఎయ్యి. పుల్ల బరువు నేను తీసేసుకుంట."

జమ్ములమ్మ చాలాసేపు ఆలోచించింది. "మూట మాత్రం విప్పొద్దు మల్ల. పరాయి చెయ్యి పడితే దాని బలం పోతది" అంది.

"నీ మూట నేను ముట్టనే ముట్టను. అల్లా తోడు!"

ఆ ఒక్క మాటతో వాడంతా తెరుచుకుంది. జమ్ములమ్మ మనవణ్నే తూచారంటే ఇంక మనదేముందని ఒక్కొక్క ఇల్లూ బిడ్డను జోలెలో వేసింది. ఎవరి బిడ్డ వాళ్ల మూటతోనే. సుష్మ ఒక పుల్లను తూకం వేయించి, ప్రతి బిడ్డ బరువులోంచీ అంత తీసేయాలని పద్ధతి పెట్టింది. కాలేజీలో జరిగిన మీటింగులో కుల్సుమ్‌బీని ముందు వరుసలో నిలబెట్టి, జనం నమ్మకాన్ని గౌరవించి పని చేయడమంటే ఇదీ అని అందరికీ చెప్పింది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు కుల్సుమ్‌బీకి నచ్చాయి. నచ్చవా మరి, బడి మెట్లెక్కని మనిషికి అంతమంది డాక్టర్లు చప్పట్లు కొడితే!

ఎండలు ముదిరాయి. ఉమ కొడుకు బరువు ప్రతిసారీ కాస్త కాస్త పెరుగుతూనే ఉంది. సుష్మ ఎదుగుదల చార్టులో వాడి గీత చూసి, ఇంత నిదానంగా ఇంత నికరంగా పెరిగే బిడ్డను చూడలేదని మురిసిపోయింది.

"పాలు తాగుతుంటే వానికి చెమటలు పడుతున్నయి పిన్నమ్మా. రెండు గుక్కలకే అలిసిపోతుండు" అని ఉమ ఒకసారి అంది.

"ఈ ఎండకు నాకే పడుతున్నయి చెమటలు, వాడెంత?" అంది కుల్సుమ్‌బీ. "కాటా చూడు, పెరిగిండు గదా. ఊకె పరేషాన్ గాకు."

ఆ మాట అన్నది నోరే గాని చేతులు కావు. మూటను ముట్టకుండా జోలెలోంచి బిడ్డను మాత్రం ఎత్తి తల్లికి అందించే ఆ కాసేపట్లో వాడు చేతుల్లో తేలిపోతున్నట్టు ఆమెకు అనిపించేది. మంత్రసాని అయిన తన తల్లి ఏ కాటా లేకుండానే బిడ్డను రెండు అరచేతుల్లోకి తీసుకొని, వీడు నిలుస్తాడు, వీడికి జాగ్రత్త కావాలి అని చెప్పేది. ఆ చేతి నేర్పు కొంత కుల్సుమ్‌బీకీ వచ్చింది. అయితే అమ్మ కాలం వేరు, ఇప్పుడు కాటా ఉంది, కాలేజీ ఉంది, డాక్టరమ్మ ఉంది. ముల్లు అబద్ధం చెప్తుందా, నా చేతులకే వయసు మీద పడిందని సర్దిచెప్పుకుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ చేతుల మాట వినివుంటే ఎంత బాగుండేది!

ఒకనాడు పొద్దున్నే వేరే ఇంటికి పోతూ ఉమ గుమ్మంలోకి తొంగిచూసింది. జమ్ములమ్మ లేదు. మనవడి పేరున మొక్కు తీర్చుకోవడానికి శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడికి పోయింది. ఉమ పీట మీద కూర్చొని, చాచిన కాళ్ల మీద కొడుకును పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. పొత్తిగుడ్డలు లేకుండా వాణ్ని చూడడం కుల్సుమ్‌బీకి చాన్నాళ్లకు అదే. పక్కటెముకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. తొడల మీద చర్మం వేలాడుతోంది.

మూట గోడవారన ఉంది. ఇచ్చిన మాట మరిచి చేతిలోకి తీసుకుంది. జారి పడబోయేంత బరువు!

"ఇందుల ఎన్ని ఏసినరే?" అంది.

"అత్తమ్మ ఏస్తనే ఉన్నది గదా" అంది ఉమ మామూలుగా. "వాడు పాలు కక్కితే ఒకటి, కాక తగిలితే ఒకటి. గ్రహణం నాడు ఇంకిన్ని ఏసింది. పోరడు బక్కపడుతుండు, ఇనుము సాల్తలేదని భయం."

కుల్సుమ్‌బీ ముడి విప్పింది. గుప్పెట పట్టనన్ని పుల్లలు చాప మీద గలగలా పడ్డాయి. అప్పటికప్పుడు కాటా తగిలించి బిడ్డను ఒక్కణ్నే తూచింది. పుట్టినప్పటి బరువుకు చారెడు కూడా ఎక్కువ లేడు. బిడ్డ చిక్కేకొద్దీ నాయనమ్మకు భయం పెరిగింది, భయం పెరిగేకొద్దీ మూటలో ఇనుము పెరిగింది, ఆ ఇనుమే కాటా మీద బిడ్డ ఎదుగుదలై కూర్చుంది. కాలేజీలో అందరూ చూసి మురిసిపోయిన గీత జమ్ములమ్మ భయం గీసిన గీత.

ఆటోలో పడేసుకొని దవాఖానకు పరుగెత్తారు. సుష్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. గుండెలో రంధ్రం. పాలు తాగితే ఆయాసం, ఆయాసంతో చెమట, తాగిన నాలుగు చుక్కలూ ఆ కష్టానికే ఖర్చయిపోతున్నాయి. ముందే తెలిసివుంటే మందులతో బలం పట్టించి ఆపరేషన్‌కు పంపేవాళ్లు. హైదరాబాద్ పెద్దాసుపత్రికి పంపారు గాని ఆపరేషన్‌ను తట్టుకునే సత్తువ ఆ ఒంట్లో మిగల్లేదు. వాడు తిరిగి గద్వాలకు ప్రాణంతో రాలేదు.

సుష్మ మంచి మనిషి. తప్పును కింది మనిషి మీదికి నెట్టలేదు. "పద్ధతి రాసింది నేను. ప్రతిసారీ మూట తూచమని రాయాలన్న ఆలోచన నాకే రాలేదు" అని కళ్లు తుడుచుకుంది. ఆ రోజునుంచి బిడ్డ ఒంటి మీద ఏదీ లేకుండా తూచాలని ఉత్తర్వు వచ్చింది. కుర్రడాక్టర్లు ఆ మాట గట్టిగా చెప్పబోతే సగం ఇళ్లు మళ్లీ తలుపులు మూసుకున్నాయి. తలుపులు తెరిపించే మనిషి అప్పటికే పని మానేసి ఇంట్లో కూర్చుంది. పరిశోధన ఎట్లాగో పూర్తయింది. దాని మీద రాసిన పత్రం అచ్చయ్యాక సుష్మ కుల్సుమ్‌బీ ఇంటికి వచ్చి చూపించింది.

"మన ఉమ కొడుకు గురించి ఏం రాసినరు మేడం?" అని అడిగింది కుల్సుమ్‌బీ.

సుష్మ తల వంచుకుంది. "తూకంలో పొరపాటు వచ్చినందువల్ల ఒక శిశువును లెక్కలోకి తీసుకోలేదని రాశాం."

లెక్కలోంచి తీసేశారు సరే, కుల్సుమ్‌బీ తన మనసులోంచి ఎట్లా తీసేస్తుంది?

జమ్ములమ్మకు నిజం చెప్పాలనే ఆమె వాళ్లింటికి పోయింది. మూట అడ్డం పడకుంటే బిడ్డ జబ్బు ముందే దొరికేదని, తాను అడిగివుండాల్సిందని చెప్పేద్దామనుకుంది. పోయి కూర్చుందో లేదో జమ్ములమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఏడ్చింది. "నేనే ఇనుము తక్కువ జేసిన చెల్లే. ఇంకిన్ని పుల్లలు ఏసుంటే నా బిడ్డ దక్కుతుండె." ఆ ముసలిదాని మొహం చూస్తూ, నీ పుల్లలే బిడ్డను దాచేశాయని ఏ నోటితో చెప్పడం? కుల్సుమ్‌బీ చెప్పలేదు. వాడలోకి పోవడమూ తగ్గించింది. కాలేజీ సామాను లెక్కలో ఎవరూ అడగని ఆ కాటా పాతచీరలో చుట్టి పెట్టె అడుగున పడి ఉంది.

రెండో కాన్పు ఉమకు నెలలు నిండాకే అయింది. ఆడపిల్ల. "నువ్వే తూయాలె పిన్నమ్మా, వేరేటోళ్లను నేను రానియ్య" అని ఉమ కబురు పంపింది. కుల్సుమ్‌బీ రెండు రోజులు జ్వరమని తప్పించుకుంది. మూడో రోజు నబీ సాబే పెట్టెలోంచి కాటా తీసి ఆమె ముందు పెట్టాడు. "పో. పొయ్యి చూసి రా. గట్ల ముడుచుకుంటే ఏమొస్తది?" అన్నాడు.

దారి పొడుగునా ఆమెకు ఒకటే గుబులు. మూట తీసెయ్యమంటే జమ్ములమ్మ తీయదు. ఎందుకు తీయాలో చెప్తే ఆ మనిషి బతకదు. ఉయ్యాల దగ్గర జమ్ములమ్మ సిద్ధంగా నిలబడి ఉంది. ఈసారి మూట కొబ్బరికాయంత ఉంది.

కుల్సుమ్‌బీ కాటా తగిలించింది. కొక్కెం రెండుసార్లు జారింది. చివరికి, ఉన్న ధైర్యమంతా కూడదీసుకొని నోరు తెరిచింది.

"అక్కా, జర నా మాట ఇను. ఇనుము జోలెల ఒద్దు. నువ్వు చేతిల పట్టుకొని జోలెకు తగలకుండ పక్కన నిలబడు. నాయనమ్మ చేతిల ఉంటే దిష్టి ఇంకింత దూరం పోతది. మూట విప్పేది లేదు, పరాయి చెయ్యి పడేది లేదు."

జమ్ములమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మూట తీసి చేతిలో పట్టుకొని పక్కకు జరిగింది.

"గింతేనా? దానికింత బుగులు పడుతున్నవేంది?" అంది. "నీ మాట ఎన్నడన్న కాదన్ననా నేను? పెద్దోడు ఉన్నప్పుడు గూడ గిట్ల పట్టుకో అంటే పట్టుకుంటుంటి గద చెల్లే. నువ్వు అడగనే అడగలేదాయె."

జోలెలో పిల్ల కాళ్లు తపతపా ఆడించింది. ముల్లు ఊగి ఊగి ఒకచోట నిలబడింది. కుల్సుమ్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకొని చూసింది. మళ్లీ ఒత్తుకొని చూసింది. అయినా అంకె కనబడలేదు.

"ఉమా" అంది, మొహం గోడవైపు తిప్పుకొని. "జర నువ్వు చదువు బిడ్డా."