చప్పుళ్ళాయన

"మిషన్ ఏదో చప్పుడు చేస్తోందండీ" అని ఎవరైనా వస్తే ఆయన తలెత్తేవాడు కాదు.

"ఏం చప్పుడు?"

"అదేనండీ, చప్పుడు."

"అలా చెబితే ఎలా? నోటితో చేసి చూపించు."

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ గది సందు మొదట్లో, మేడమెట్ల కింద ఉండేది. మెట్ల వాలు వల్ల లోపలి గోడ దగ్గర నిటారుగా నిలబడడం కుదరదు. వచ్చినవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. తర్వాత సందులోకి ఓసారి తొంగిచూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, "కిర్ర్..." అనేవాళ్ళు గొంతు తగ్గించి. "అది తొక్కగానే వస్తోందా, ఆపబోతుంటే వస్తోందా?" అని అడిగేవాడు. మళ్ళీ చెయ్యాల్సి వచ్చేది.

ఒకావిడ మాత్రం మొండికేసింది. "నేనెలా చేస్తానండీ, సిగ్గుగా ఉండదూ?"

"ఇంట్లో అందరి ముందూ అరిచింది కదమ్మా మిషన్. దానికి లేని సిగ్గు నీకెందుకు?"

ఆవిడ చేసింది. బాగా చేసింది. పక్క కొట్లో సైకిళ్ళు బాగుచేసే అతను పంపు కింద పెట్టి, "బాబాయ్, పిల్లేమైనా దూరిందా?" అని కేకేశాడు.

చప్పుళ్ళాయన అనే పేరు అలా వచ్చింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద మిగిలింది.

చప్పుడు అన్న ఒక్క మాట ఆయనకి చాలేది కాదు. మనిషి కనపడకుండా ఉన్నాడని తెలిపేది అలికిడి. ఆగిపోయాక గాని ఉన్నట్టు తెలియనిది సద్దు. వినాలని ఎదురుచూస్తే వచ్చేది సవ్వడి. ఆయన లెక్కలో నూనె పెట్టిన మిషన్‌ది సవ్వడి, నూనె లేనిదానిది రొద. మోతకి సందులుంటాయి, హోరుకి ఉండవు. గోల మనుషులు చేసేదే తప్ప మిషన్లు చెయ్యవని గట్టిగా అనేవాడు. వదులు మర లొడలొడమంటుంది. వంగిన సూది టిక్కుమంటుంది. అరిగిన బెల్టు తపతపలాడుతుంది. పేరు దొరికితే సగం పని అయినట్టే ఆయనకి. మర విప్పడం ఆ తర్వాత.

రానురాను ఆయన చెవులు చడీచప్పుడు లేకుండా పోయాయి. లావు చప్పుళ్ళు ఉన్నాయి, సన్నవి పోయాయి. పోయాయని ఆయనకే తెలియలేదు.

పెద్దవీధిలో టైలరమ్మ దుకాణం. ఆసుపత్రులకి దుప్పట్లు, దిండుగలీబులు కుట్టిస్తుంది. పొడుగాటి హాలు నిండా మిషన్లు. చప్పుళ్ళాయన ఇల్లు గడిచేది చాలావరకు ఆ హాలు మీదే. ఒకరోజు ఒక మిషన్ బాగుచేసి, తిప్పి చూసి, అయిపోయిందన్నాడు. కుట్టే అమ్మాయి తొక్కింది.

"బాబాయ్, ఇంకా కీచుమంటోంది."

ఆయన వంగి చెవి పెట్టాడు. "ఏమీ లేదే."

అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైలరమ్మ కత్తెర కింద పెట్టి లేచి వచ్చి విన్నది. మరో మనిషిని పిలిపించాలా అని ఆలోచిస్తున్నట్టు ఆమె మొహమే చెప్పింది. ఆయన సంచీ సర్దుకున్నాడు.

ఇంటికొచ్చి భార్యతో అన్నాడు. "నాకు చెవులు పోయాయే."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"పొయ్యి మీద పాలు పొంగుతున్నా మీరు పేపరు చదువుకుంటున్నప్పట్నించి."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. మీకు వినపడలేదు."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వి, కొట్టు తాళంచెవి తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఇంక తియ్యను."

చెవిలో పెట్టుకునే యంత్రం కొని చూశారు. అది అన్నిటినీ ఒకే మోత చేసింది. సద్దూ మోతే, సవ్వడీ మోతే. ఆయన దాన్ని తీసి డబ్బాలో పెట్టాడు.

కొట్టు మళ్ళీ తీసింది ఆవిడ. తలుపు నెట్టి, పీట లాక్కుని, మిషన్ పక్కన కూర్చుంది. "తొక్కండి. నేను వింటాను."

మొదట్లో రోజూ పోట్లాటే.

"ఏం వస్తోంది?"

"చప్పుడు."

"ఏం చప్పుడే తల్లీ?"

"మాడిన గిన్నెని చెంచాతో గీకినట్టు."

"గీకడమేమిటి, గరగర అనాలి."

"నాకు గిన్నే వినపడింది. మీకు గరగర వినపడితే మీరే వినండి."

మిషన్ విప్పితే కింది దారాన్ని తిప్పే షటిల్ కింద దారం ముక్క చుట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి గిన్నె గీకడం కూడా ఆయన మాటల్లో చేరింది. ఆవిడ మాటలన్నీ ఇంట్లోంచి వచ్చినవే. తడిచెప్పులతో గచ్చు మీద నడిచినట్టు. తలుపు గొళ్ళెం సరిగా పడనట్టు. నిద్రలో పళ్ళు కొరికినట్టు. "ఎవరు కొరుకుతారు నిద్రలో?" అన్నాడాయన. "మీరే" అంది. ఇంతకాలం తాను పెట్టిన పేర్లకి ఈమె దగ్గర వేరే పేర్లున్నాయని ఆయన అనుకోలేదు. వాటిని ఒక్కొక్కటే నేర్చుకున్నాడు. ఆవిడ కూడా లొడలొడ నేర్చుకుంది. ఆ వయసులో ఇద్దరూ పలక పట్టిన పిల్లల్లా ఉన్నారని సైకిళ్ళతను నవ్వేవాడు. నవ్వుతూనే తన కొట్లో గాలి కొట్టడం ఆపేవాడు, ఆవిడకి వినపడాలని.

తర్వాత టైలరమ్మ నుంచి కబురొచ్చింది. కొత్తగా కొన్న మోటారు మిషన్ కుట్టు వదిలేస్తోంది. అమ్మినవాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు.

ఇద్దరూ వెళ్ళారు. సంచీ విప్పకముందే ఆయన హాలు మధ్యలో నిలబడి అన్నాడు. "అమ్మా, నాకు సన్న చప్పుళ్ళు వినపడవు. ఆవేళ మీ అమ్మాయి చెప్పిందే నిజం. ఇప్పుడు ఈవిడ వింటుంది, నేను బాగుచేస్తాను. నీకు నమ్మకముంటేనే. లేకపోతే ఇప్పుడే వెళ్ళిపోతాం."

"పిన్నికి మిషన్ల సంగతి తెలుసా, బాబాయ్?"

"తెలీదు" అంది ఆవిడే. "వినడం తెలుసు. ముందు మిగతావన్నీ ఆపించు."

టైలరమ్మ గడియారం కేసి చూసింది. దుప్పట్లు సాయంత్రానికి వెళ్ళాలి. చివరికి చెయ్యెత్తింది. మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. హాలు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

కొత్త మిషన్ ఒక్కటే నడుస్తుంటే ఆవిడ తల వంచి విన్నది. ఆయన ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాడు.

"గిన్నె కాదు" అంది. "గొళ్ళెం కాదు. మీ టిక్కూ కాదు."

"మరి?"

"పేరు దొరకట్లేదు." మళ్ళీ విన్నది. ఎవరో అమ్మాయి దగ్గబోయి ఆపుకుంది. "ఎవరో మాట చెప్పబోయి మింగేసినట్టుంది."

"ప్రతి కుట్టుకీనా?"

"ఊహూ. అది నడుస్తూ నడుస్తూ, ఉన్నట్టుండి ఓసారి గుటక వేస్తోంది. మళ్ళీ మామూలే."

"మింగేముందు వేగం తగ్గుతోందా?"

"తగ్గట్లేదు. గుడ్డ మందమైనచోట మింగుతోంది. అంచు మడతలో."

ఆయన సూదికేసి చూడలేదు, మోటారుకేసి చూడలేదు. అమ్మినవాళ్ళు ఆ రెండూ చూసే ఉంటారు. గుడ్డని నొక్కిపట్టే పాదాన్ని విప్పి, దాని కడ్డీని వేళ్ళ మధ్య దొర్లించాడు. చివర వెంట్రుకవాసి వంపు ఉంది. మడత వచ్చినప్పుడల్లా అది పైకి లేవబోయి పట్టేస్తోంది. చిన్న సుత్తితో, దీపం దగ్గర పెట్టి చూసుకుంటూ, మెల్లగా సరిచేశాడు. బిగించాడు.

అమ్మాయి అంచు మడత పెట్టి కుట్టింది. చివరిదాకా కుట్టింది. ఆయనకి మోటారు హోరు తప్ప ఏమీ వినపడలేదు.

"పోయిందా?"

ఆవిడ ఇంకో మడత కుట్టమంది. అది కూడా విన్నాక, "పోయింది" అంది.

టైలరమ్మ కుట్టుని గోటితో గీరి చూసింది. చెయ్యి ఊపగానే మిగతా మిషన్లు కదిలాయి. హాలంతా మళ్ళీ నిండింది. ఆ మోతలో ఆమె వంగి, ఆయన చెవి దగ్గర కాదు, ఆవిడ చెవి దగ్గర అంది.

"పిన్నీ, ఆ చివర కిటికీ పక్కది కూడా కాస్త వినిపెట్టవూ?"

ఆవిడ లేచి కొంగు సర్దుకుని నడిచింది. చప్పుళ్ళాయన పీట తీసుకుని వెనకాలే వెళ్ళాడు.