ఉనైసి పడవ వెనక పలక

నవునివి ఊళ్ళో ఉనైసి అని అడిగితే ఎవరూ చెప్పరు. చేపల ఉనైసి అనాలి. మొగుడు వైసాలే తోట మనిషి. దుంపలూ, వేళ్ళు దంచి మత్తు పానీయం కలుపుకునే యంగోనా మొక్కలూ పెంచమంటే కొండంతా పెంచుతాడు గానీ, పడవెక్కితే పగడపు గట్టు దాటకముందే కక్కుకుంటాడు. అందుకని ఆ ఇంట్లో సముద్రం పని ఉనైసిది. పెళ్ళయిన కొత్తలో మిగతా ఆడవాళ్ళతో పాటు మోకాటి లోతు నీళ్ళలో ఆక్టోపస్‌లు పట్టుకునేది. పోను పోను అక్కడ దొరికేది తగ్గిపోయింది. గట్టుకి అవతల, లోతు నీళ్ళలో, పార చేపలు బోలెడున్నాయి. అక్కడికి పోవాలంటే ఇంజనున్న ఫైబరు పడవ కావాలి.

కందావు దీవి మొత్తంలో ఆడమనిషి నడిపే ఫైబరు ఎక్కడుందని మగవాళ్ళు నవ్వారు. ఆమె వాళ్ళతో వాదన పెట్టుకోలేదు. చాపలు అల్లింది, అమ్మింది, కూడబెట్టింది. తనతో ఆక్టోపస్‌లు పట్టే తొరికా, మరో ముగ్గురు ఆడవాళ్ళు మాత్రం "నువ్వు నడుపు, మేం నీతో వస్తాం" అన్నారు. ఆ మాట పట్టుకునే ఆమె పడవ కొనడానికి బయల్దేరింది.

పడవలంటే పక్క ఊరు మతాసావులో ఎరోని దగ్గరికే పోవాలి. ఫైబరు పడవలకి అతుకులు వేయడం అతని పని. ఎవరి పడవ అమ్మకానికొచ్చినా అతని పాక ముందే ఇసకలో పడుంటుంది. పైగా అతను ఉనైసికి మేనత్త కొడుకు. ఇక్కడ మేనత్త మేనమామ పిల్లలంటే ఒకరి మీద ఒకరు నోరు పారేసుకోవాల్సిందే. కనిపిస్తే తిట్టుకోవాలి, అబద్ధాలు చెప్పి ఆటపట్టించుకోవాలి. మర్యాదగా మాట్లాడారంటే అలిగారని అర్థం. ఆ విద్యలో ఎరోని ఆరితేరినవాడు. ఓసారి సువా పట్నం పోయే ఓడ పొద్దున్నే వస్తోందని ఒట్టేసి చెప్పి, ఆమెను మూటలతో సహా చీకటి పడేదాకా రేవులో కూర్చోబెట్టాడు. రావాల్సిన ఓడ అంతకు ముందు రోజే వెళ్ళిపోయింది. ఆమె ఊరుకుందా? అతను తాగే యంగోనాలో మిరపకాయ నలిపి కలిపింది.

ఆమె రావడం చూసి పాకలోంచే మొదలెట్టాడు.

"వచ్చిందర్రా తిమింగలం! నిన్ను మోసే పడవ ఇంకా ఎవడూ పోత పొయ్యలేదే, ఇంటికి పో."

"నీ నోటిని మోస్తున్న పడవలున్నాయి కదా బావా, నేనెంత? లే, లేచి చూపించు."

రెండు పడవలున్నాయి. తెల్లదానికి పొట్ట మీద పెద్ద అతుకు, ఎండకి వెలిసిపోయి చెయ్యి పెడితే సున్నంలా అంటుకుంటోంది. నీలందానికి కొత్త రంగు, వెనక ఇంజను కూడా బిగించి ఉంది. ఉనైసికి పడవ చూడ్డం రాదని ఎవరూ అనలేరు. వేలి కణుపుతో పొట్ట పొడవునా కొట్టుకుంటూ పోయింది. ఫైబరు గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల పొర విడిపోతే చప్పుడు మందగిస్తుంది. ఇసకలో పడుకుని అడుగు చూసింది. పక్కకి నిలబడి, ఒక కన్ను మూసి, అంచు వంకర పోయిందేమో చూసింది. నీలంది కొట్టిన చోటల్లా టక్కుమంది.

"తెల్లదాన్ని తీసుకోవే మరదలా," అన్నాడు ఎరోని. "నీలందాని వెనక పలక కుళ్ళింది. రంగు చూసి మోసపోకు."

యంగోనా గిన్నె చుట్టూ కూర్చున్న మగవాళ్ళు గొల్లుమన్నారు. ఉనైసి వాళ్ళకంటే ఎక్కువ నవ్వింది.

"ఓహో, నీలందాని మీద నీ కన్ను పడిందన్నమాట!"

"ఒట్టే బాబూ!"

"ఓడ వస్తోందని కూడా ఒట్టేశావుగా!"

దానికి ఎరోనికి కూడా నవ్వొచ్చింది. నవ్వాపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. కొంప మునిగింది అక్కడే. ఇంజను బిగించే వెనక పలక కొట్టి చూడాలంటే ఇంజను దింపాలి. దింపమని అడిగితే అతని మాట సగమైనా నమ్మినట్టే. ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ అదే చెప్పి ఏడిపిస్తాడు. ఉనైసి ఆ ఒక్క పలకా వదిలేసి నీలం పడవ కొనేసింది.

కొన్న పడవని ఆమె చూసుకున్నట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ చూసుకోలేదు. ఒడ్డుకి లాగేటప్పుడు అడుగున పగడపు రాళ్ళు గీసుకోకుండా అరటి బోదెలు పరిచేది. వేట నుంచి రాగానే ఇంట్లోకి పోకుండా, ముందు మంచినీళ్ళతో పడవంతా కడిగేది. ఇంజను మంచినీళ్ళ పీపాలో దింపి, లోపలి ఉప్పంతా పోయేదాకా నడిపేది. ఎక్కడ చిన్న గీత కనిపించినా ఎండలో ఆరబెట్టి, గీకి, రెసిన్ జిగురు పూసేది. "మొగుడికి కూడా ఇంత సేవ చెయ్యవు," అని వైసాలే గునిసేవాడు. గునుస్తూనే పడవకి కొబ్బరాకుల పందిరి వేశాడు. ఆ నెలల్లో నవునివిలో చేప లేని పొయ్యి లేదు. కొబ్బరిపాలలో చేప ఉడుకుతున్న వాసనకి, నవ్విన మగవాళ్ళే గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఉనైసి ఎవర్నీ ఉత్త చేతులతో పంపలేదు.

చలికాలపు గాలి మొదలైన రోజుల్లో, వేట ముగించుకుని గట్టు సందులోకి తిరుగుతుండగా వెనక నుంచి పెద్ద అల వచ్చి ఎత్తింది. ఫట్‌మని చప్పుడైంది. ఉనైసి తిరిగి చూసేసరికి ఇంజను వెనక్కి వాలిపోతోంది, వెనక పలక మధ్యలో చీలి నీళ్ళు లోపలికి పడుతున్నాయి. ఇంజను ఆపేసింది. లంగరు తాడు ఇంజనుకి చుట్టి ముందు బల్లకి బిగించి కట్టింది. పోటు తిరిగి, నీళ్ళు గట్టు సందులోంచి బయటికి లాగుతున్నాయి. ఇద్దరు తెడ్లు వేశారు, ఇద్దరు డబ్బాలతో నీళ్ళు తోడారు. తొరికా కీర్తన ఎత్తుకుంది. భయానికే పాడుతున్నారని అందరికీ తెలుసు, అయినా గొంతు కలిపారు.

మతాసావు ఒడ్డు నుంచి వాళ్ళని చూసి ఎరోని తన పడవేసుకుని వచ్చాడు. ఉనైసి తిట్లకి సిద్ధపడింది. అతను తాడు విసిరాడు, పడవలో ఐదుగురూ ఉన్నారో లేదో చూసుకున్నాడు.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" అన్నాడు. ఒడ్డుకి లాక్కెళ్ళాడు. అంతవరకూ ధైర్యంగా ఉన్న ఉనైసి, అతను తిట్టకపోయేసరికి పడవలోని నీళ్ళలోనే చతికిలబడింది.

మర్నాడు ఇంజను దింపి పలక కోశాడు. రెండు ఫైబరు పొరల మధ్య ఉండాల్సిన చెక్క నల్లగా, నానిన కొబ్బరి పీచులా, చేతికి ముద్దగా వచ్చింది. పాత యజమాని ఇంజను బోల్టులకి వేసిన కన్నాలు సరిగా మూయలేదు. చుక్కా చుక్కా నీళ్ళు లోపలికి పోయి చెక్కని తినేశాయి. పైన ఎంత కడిగినా ఏం లాభం?

"నువ్వు చెప్పావు బావా," అంది ఉనైసి.

"చెప్పాను. పళ్ళికిలిస్తూ చెప్పాను. ఇంజను దింపి చూపించి ఉండాల్సింది."

కుళ్ళంతా గోకి తీశారు. లోపల తడి ఆరేదాకా ఎండలో పెట్టి, వాన మబ్బు కనిపిస్తే చాలు పరుగున రేకు కప్పారు. కొత్త ప్లైవుడ్ అంచులకి ముందే రెసిన్ తాగించి, దాని మీద ఫైబరు గుడ్డ పొర మీద పొర వేశాడు ఎరోని. గరుకు కాగితంతో రుద్దింది ఉనైసి. ఫైబరు నూగు పట్టి ఒళ్ళంతా దురదలు. కన్నాలన్నీ రెసిన్‌తో మూసి మళ్ళీ వేశారు. కూలి సంగతెత్తితే ఎరోని వినపడనట్టు నటించాడు.

పడవ బాగుపడింది గానీ ఆడవాళ్ళు రాలేదు. ఒకామెకి నడుం నొప్పి, ఒకామెకి మనవడికి జ్వరం. తొరికా అయితే కళ్ళలోకి చూడకుండా పోయింది. ఉనైసి వాళ్ళని తప్పు పట్టలేదు. కానీ గట్టు దాటి ఎవరూ ఒంటరిగా పోరు. వాళ్ళు ఎక్కకపోతే పడవ పందిరి కిందే ఉంటుంది, తను మళ్ళీ మోకాటి నీళ్ళలోకి దిగాలి.

పడవ నీళ్ళలోకి దించే రోజున ఊరంతా ఒడ్డుకొచ్చింది, చూడ్డానికి. ఎరోని తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. సెరూయా ముసలిది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయిన నాటి నుంచి పెద్ద ఓడ తప్ప మరేదీ ఎక్కలేదు. చిన్న పడవ కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. ఆ తల్లిని ఎరోని రెండు చేతులా ఎత్తుకుని, నీళ్ళలో నడిచి, కొత్త పలకకి ఆనించి, ఇంజను పక్కనే కూర్చోబెట్టాడు. ముసలామె రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుంది. గొంతు మాత్రం ఒడ్డంతా వినిపించింది.

"ఏంటర్రా అలా చూస్తారు? నా కొడుకు మాట నమ్మమని ఎవరన్నారు? నాకే నమ్మకం లేదు. వాడి చెయ్యి నమ్మండి. రండి, ఎక్కండి!"

తొరికా ముందు కదిలింది. గాలాల బుట్ట నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళ లోతుకి వచ్చి ఎక్కి కూర్చుంది. తర్వాత నడుం నొప్పామె, తర్వాత మిగతా ఇద్దరూ.

ఎరోని భుజం ఆనించి పడవ తోశాడు. "పో తిమింగలమా, పో! మా అమ్మకి తుమ్ము వచ్చిందంటే నీ సంగతి చెప్తాను!"

ఒడ్డు మీద వాళ్ళంతా చెవులు రిక్కించారు. ఇప్పుడు ఉనైసి వంతు. ఆమె అంతకంతా అనాలి. ఆమె ఇంజను పిడి పట్టుకుని, నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ అతని మొహంలోకి చూసింది.

"వినాకా బావా," అంది. "నా పడవ నిలబెట్టావు. మీ అమ్మని నా చేతిలో పెట్టావు. బతికున్నంత కాలం మర్చిపోను."

మేనమామ కూతురి నోట అంత శుద్ధమైన ధన్యవాదం ఎరోని పుట్టాక వినలేదు. దోసెడు నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు.

"ఇంజను స్టార్టు చెయ్యవే తల్లీ," అంది సెరూయా. "మనం ఇక్కడుంటే వాడు ఊరందరి ముందూ ఏడ్చేస్తాడు."