కంట్రోల్ కీ మీద చిటికెన వేలు

నేను టెక్కలిలో కంప్యూటర్ నేర్పే రోజుల్లో అక్కుపల్లి నుంచి చూపులేని విద్యార్థి ఒకడు వచ్చేవాడు. మౌస్ ముట్టేవాడు కాదు. అతను కీలు నొక్కుతుంటే తెర మీద ఉన్నదంతా కంప్యూటర్ పైకి చదివేది. ఇయర్‌ఫోన్‌లో అది వింటూ పని చేసుకునేవాడు. ఎవరు పలకరించినా ముందు ఎడమ చిటికెన వేలితో కంట్రోల్ కీ నొక్కి ఆ గొంతు ఆపేవాడు. ఆపాకే, "సెప్పండి సార్" అనేవాడు. ఇంటికి ఎవరొచ్చినా టీవీ కట్టేయని నాకు ఆ మర్యాద వింతగా ఉండేది.

ఒక ఉద్యోగానికి టైపింగ్ పరీక్ష మా సెంటర్లోనే పెట్టారు. సగంలో పరీక్షాధికారి వచ్చి అతని ఇయర్‌ఫోన్ లాగేశాడు.

"చెవిలో ఎవడు చెబుతున్నాడ్రా నీకు?"

"మడిసి కాదండి. నేను కొట్టిందే మిసను సదివి ఇనిపిత్తాది. కావాలంటే మా సారుని అడగండి."

అధికారి నావైపు తిరిగాడు. మా సెంటర్‌కి పరీక్షలు ఇవ్వడం, మానడం ఆయన చేతిలో పని. ఆ చదివే గొంతును కంప్యూటర్లో పెట్టింది నేనే.

"నాకు తెలీదండి" అన్నాను.

కాపీ కొట్టాడని బయటికి పంపేశారు. వెళ్లేముందు అతను కుర్చీని బల్ల కిందికి సరిగ్గా తోశాడు.

ఏడాది తర్వాత పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కనిపించాడు. పళ్లెం ముందు కూర్చుని పప్పుకి పొట్టు తీస్తున్నాడు. దగ్గరికి వెళ్లి, "నేనయ్యా, టెక్కలి సారుని" అన్నాను.

అతని చేతులు ఆగాయి. ఎడమ చిటికెన వేలు పళ్లెం అంచుని ఒక్కసారి నొక్కింది.

"సెప్పండి సార్."

పరీక్ష రోజున చెప్పాల్సిన మాటకి బదులు, కిలో పప్పు ఎంతని అడిగాను.