గోబర్ గ్యాస్ ఇంట్లో పిడక కరువు

ఆ రోజుల్లో నాకు పేడంటే బంగారం. (నేను చెబుతుంటే రాస్తున్న మనవరాలు అప్పుడే ముక్కు మూసుకుంది.) జహీరాబాద్ పక్కన మా ఊళ్ళో మొదటి గోబర్ గ్యాస్ మాదే. రెండు బర్రెలు, రెండు ఎడ్లు వేసిన పేడను నీళ్ళలో కలిపి గుంతలో పోస్తే, పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము గ్యాసుతో పైకి లేచేది, వంటింట్లో నీలం మంట వచ్చేది. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, పొగ లేని పొయ్యి దొరికిందన్న పొగరుతో పాత మట్టి పొయ్యిని నా చేతులతోనే పగలగొట్టాను. ఆ పొయ్యి ముందు కూర్చుని కూర్చుని చూపు మసకబారిన మా అత్తమ్మ సుఖపడుతుందనుకుంటే, "పొగ లేకున్నా కండ్లు మండుతున్నయే" అని గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆ యేడు వానల్లేవు. మేత తగ్గింది, పేడా తగ్గింది. అయినా లెక్క కుదరడం లేదు, రోజూ ఒక తట్టెడు ఎక్కడికో పోతోంది. డ్రమ్ము లేవదు, అన్నం సగం ఉడకగానే మంట ఆరిపోతుంది, పలుకు మెతుకులు తిని మా ఆయన నన్ను తిడతాడు. నేను వెళ్ళి, రోజూ పిడకలు చేసే గోడవతలి పొరుగింటి అక్కను పట్టుకున్నాను.

"మా పేడ నీకెందుకక్కా?"

"థూ! నా బర్రెలేమన్న ఉపాసమున్నయా, నీ పేడ ఎత్తుకపోనీకి?"

వెనక నుంచి అత్తమ్మ, "జర గట్టిగ అడుగే, ఇడువకు" అని ఎగదోసింది. నేను దొంగ అనేశాను. ఆ మాటతో అక్క నాతో మాట్లాడడం మానేసింది.

ఎండలు ముదిరాక అత్తమ్మ దగ్గుతో మంచం పట్టి, ఒక పొద్దున చాయ్ తాగుతూ తాగుతూనే ఒరిగిపోయింది. పాడె కట్టారు. కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి. ఆ నిప్పు ఇంట్లోదే కావాలి, దారంతా నిలవాలంటే పిడకలు కావాలి. మా ఇంట్లో ఒక్కటి లేదు. కందికట్టె వేస్తే భగ్గుమని బూడిదైంది. మా పెద్దమామ నావైపు చూసి, "గా గ్యాస్ పొయ్యే నెత్తిన పెట్టుకొని నడువుమను నీ మొగుణ్ణి" అన్నాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తల్లిని నిప్పు లేకుండా ఎలా సాగనంపాలో తెలియక, మా ఆయన ఖాళీ కుండతో నిలబడ్డాడు. సిగ్గు చంపుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాను.

"దొంగింటి పిడకలు మీ అత్తకెట్ల పనికొస్తయే?" అంది.

ఆ మాట మింగి తిరిగొచ్చేసరికి అత్తమ్మ మంచం బయటికి తీస్తున్నారు. మంచం వెనక, గోనెపట్టా కింద, నడుమెత్తున పేర్చిన పిడకలు! ప్రతిదాని మీదా చేతి అచ్చు, అందులో చిటికెన వేలు సగమే. జొన్న కోతల్లో కొడవలికి తెగిన అత్తమ్మ వేలది. నేను చేనుకు పోయిన రోజుల్లో, ముళ్ళకంప ఉన్న వెనక గోడకు తట్టి, ఎండబెట్టి, తన నిప్పు తనే సిద్ధం చేసుకుంది. డ్రమ్ములో మిగిలిన ఆ కాస్త గ్యాసుతోనే మొదటి పిడక రాజేశాను.

సంగతి తెలిసి అక్క గోడ దిగి వచ్చింది. పిడకొకటి చేతిలోకి తీసుకుని ఆ సగం వేలు తడిమింది. "నన్ను దొంగను జేసి పోయింది గదనే ముసల్ది" అని ఏడుస్తూ నవ్వింది. నేను కాళ్ళు పట్టుకోబోతే, "లే, ముందుగల్ల గా పేడ చేతులు కడుక్కో" అంది.

మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. గోబర్ గ్యాస్ గుంత పూడ్చేశాం, ఇంట్లో ఇప్పుడు సిలిండరు. "బాత్రూం గోడకు గీ పేడ ఏంది అత్తమ్మా?" అని కోడలు అడిగితే, "దోమలకు పొగ పెట్టనీకి బిడ్డా" అంటాను. నమ్మి పోతుంది. ఆరినవి ఎక్కడ పెడుతున్నానో అడగదు. ఆ వయసులో నేను మాత్రం గోడవతలికి చూశాను గానీ, మంచం వెనక్కి చూశానా?