ఏడాది ఆగిన బండి

గట్టు మండలంలో ఎద్దుల సంతకు పోయేవాళ్లు మా బావ హన్మంతును వెంటబెట్టుకుని పోయేవాళ్లు. ఆయన సంతలో తొందరపడేవాడు కాదు. ముందు ఎద్దును కాదు, దాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి ముఖాన్ని చూసేవాడు. తర్వాత వెనక నిలబడి, ఎద్దును కొంచెం దూరం నడిపించమని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి గిట్టలు పడే తీరు చూసేవాడు. నచ్చితే బేరం తువ్వాల కింద. రెండు చేతులు గుడ్డ కింద కలిసి వేళ్లతో ధర మాట్లాడుకుంటుంటే, చుట్టూ మూగినవాళ్లకు రెండు ముఖాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆ పనికి ఆయన ఒక చాయ్ మాత్రం తాగేవాడు.

“పెండ్లిచూపులల్ల నన్ను గింతసేపు చూడలే ఈ మనిషి” అనేది మా అక్క నాగేంద్రమ్మ. “నడువుమని గూడ అనలే. అనుంటే కుంటినట్టు నడుస్తుంటి, తప్పిచ్చుకుంటుంటి.”

“నువ్వు కుంటినా తోల్కొస్తుంటి” అనేవాడు బావ.

వాళ్లకు పిల్లలు లేరు. నేను వనపర్తిలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. సెలవు వస్తే అక్క ఊరికే పోయేవాణ్ణి. ఇప్పుడు పోవడానికి ఆ ఇల్లు లేదు. అక్క పోయి చాలా ఏళ్లయింది, నిరుడు బావ కూడా పోయాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనుకుంటే ఎద్దులు కాదు, ఒక కారు గుర్తొస్తున్నది.

రెండువేల ఆరులో అక్కకు రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు కర్నూలు దవాఖానకు పోయి డయాలిసిస్ చేయించుకోవాలి. ఊరి నుంచి గట్టుకు ఆటో, అక్కడి నుంచి గద్వాలకు బస్సు, గద్వాల నుంచి కర్నూలుకు ఇంకో బస్సు. పోయేటప్పుడు ఎట్లాగో పోయేది. వచ్చేటప్పుడు ఒంట్లో సత్తువ ఉండేది కాదు. సీటు దొరికినా కూర్చోలేక, బస్సులో కింద తువ్వాల పరిచి పడుకునేది. ఎక్కేవాళ్లు ఆమెను దాటుకుని పోయేవాళ్లు. ఒకరోజు ఎవరిదో చెప్పుకాలు ఆమె చేతి మీద, సూదులు గుచ్చిన చోటే పడింది. రక్తం ఆగడానికి చాలాసేపు పట్టింది. బావ గద్వాలలో బస్సు దిగి నేరుగా మెకానిక్ ఆజం షెడ్డుకు పోయాడు.

“ఆజమూ, నాకొక బండి గావాలె.”

ఆజం, బావ చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు. “నీకు బండెందుకే పటేలా, నడిపేటందుకు ముల్లుకట్టె పట్టుకుంటవా?” అని నవ్వాడు. సంగతి విన్నాక నవ్వు ఆపేశాడు.

కిరాయి కార్లు అప్పటికే ఒకటి రెండుసార్లు పిలిచి చూశారు. చిన్న కారుకు మా అక్క ఊరి బాటలో రాళ్లు అడుగున తగిలేవి. పైగా అందులోకి గోతిలోకి దిగినట్టు దిగాలి, లేచేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. జీపు బాటకు ఓర్చుకునేది కానీ, వాచిన కాళ్లతో అక్క దాని మెట్టు ఎక్కలేకపోయేది. “ఈ రెంటికీ నడుమ ఒకటొచ్చింది” అన్నాడు ఆజం. “కారు లెక్క మెత్తగ పోతది, జీపు లెక్క ఎత్తుంటది. పట్నంల డాక్టర్లు, ఇంజనీర్లు తిరుగుతుండ్రు. కొత్తది మన వల్ల గాదు. పాతది దొరికితే చూద్దం.”

“ముందు కొత్తది చూస్త” అన్నాడు బావ. “దూడను చూడకుంటే ముసలిదాంట్ల ఏం తగ్గిందో ఎట్ల తెలుస్తది?”

ఇంటికి పోయి అక్క పడుకునే నులకమంచం పట్టె దాకా కొలిచి, అంత పొడవు వెదురుకర్ర కోశాడు. ఆ మంచం మీద ఆమె ఎవరి సాయమూ లేకుండా కూర్చునేది, లేచేది. బండి సీటు ఆ ఎత్తున ఉండాలి. హైదరాబాదులో షోరూముకు ఆ కర్రతోనే వచ్చాడు. నేనూ ఆజమూ వెంట ఉన్నాం. గాజుతలుపు దగ్గర కాపలా మనిషి ఆపాడు.

“పెద్దాయనా, కర్ర బయట పెట్టుండ్రి.”

“ఇది కర్ర గాదు నాయినా, నా పెండ్లాం మంచం ఎత్తు.”

ఆ మనిషి పక్కకు జరిగాడు.

లోపల టై కట్టుకున్న పిల్లవాడు కొత్త బండి గొప్పలు చెప్పుకుంటూ వచ్చాడు. పాత రూపం మార్చేశారట, ముందుకన్నా కుదురుగా పరుగెత్తుతుందట, తోలు సీట్లట. బావ తలుపు తీయించి కర్ర నిలబెట్టాడు. సీటు నాలుగు వేళ్లు కిందికి ఉంది. కప్పు వెనక్కి వాలి ఉండటంతో వెనక తలుపు దగ్గర మెడ వంచాల్సి వచ్చింది. ఆయన తానే రెండుసార్లు ఎక్కి దిగి చూశాడు.

“పాతదాంట్ల గిట్ల లేకుండెనా?” అని అడిగాడు.

“పాత మోడల్ డబ్బాలాగా ఉండేది సార్. అది ఎవరికీ నచ్చలేదనే మార్చారు.”

“నాకు డబ్బానే గావాలె” అన్నాడు బావ. బయటికి వచ్చాక ఆజంతో, “పిల్ల బాగుంది. మన ఇంటికి రాదు” అన్నాడు.

పాతది వనపర్తిలోనే ఉందని కనుక్కున్నది నేను. ఇస్రాయేలు గారని నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఆయన బండి. కార్తీకంలో ఒక పొద్దున ఆయన నిద్రలేవలేదు. భార్య సుగుణమ్మ గారికి నడపడం రాదు, పిల్లలు దూరాన ఉన్నారు. బండి అమ్ముతారని మా బడిలో చెప్పారు. మేము చూడబోయేసరికి ఉగాది దగ్గరికి వచ్చింది. కర్నూలు నుంచి తిరిగి వచ్చేరోజు అక్కను కూడా వనపర్తికే తీసుకొచ్చాం, కూర్చోబెట్టి చూద్దామని.

బండి రేకుల షెడ్డు కింద ఉంది. బూడిదరంగు, డబ్బాలా, నిటారు తలుపులతో. ఆజం అడుగుకు దూరి చాలాసేపటికి బయటికి వచ్చాడు. తలుపుల రబ్బర్లు గుంజి కింద రంగు చూశాడు, టైర్ల అరుగుదల వేళ్లతో తడిమాడు, ఇంజన్ మూత తీసి పొగ వాసన చూశాడు. బావ మాత్రం దాన్ని వీధిలో మెల్లగా పోనిచ్చి తాను వెనక నడిచాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి.

“ఏందే, గిట్టలు చూస్తున్నవా?” అన్నాడు ఆజం కిటికీలోంచి.

“నడక వంకర లేదు. వెనక కాళ్లు ముందు కాళ్ల జాడలనే పడుతున్నయ్.”

“అది నేను కింద పండుకొనే చెప్పిన గదనే. దెబ్బ తిన్న బండి గాదు.”

“చెప్పినవులే. నా కండ్లు గూడ చూడాలె గద.”

కర్ర సరిగ్గా సరిపోయింది. అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెనక సీట్లో కూర్చుని, కాళ్లు లోపలికి తీసుకుంది. బండి గట్టు బాట లాంటి ఒక రాళ్లబాటలో తిరిగి షెడ్డు ముందుకు వచ్చేసరికి ఆమె తల పక్కకు వాల్చి నిద్రపోతున్నది. డయాలిసిస్ అయిన రోజు ఆమె దారిలో నిద్రపోవడం నేను అదే మొదటిసారి చూశాను. గడపలో నిలబడ్డ సుగుణమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

బావ ఆ కళ్లనీళ్లు చూశాడు. ఎద్దుల్లో ఆయనకు ఒక పట్టింపు ఉంది. యజమాని చచ్చిపోయిన కొట్టం నుంచి ఏడాది తిరగకముందు ఎద్దును తోలుకుపోకూడదు. పోయినవాడు ఏడాది దాకా ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు, పశువు కనపడకపోతే ఇంట్లోవాళ్లను అడుగుతాడు, ఆ ఇంట్లోవాళ్లకు రెండోసారి దుఃఖం వస్తుంది. వాళ్ల తాత నుంచి వచ్చిన మాట అది. ఎంత మంచి జత అయినా ఆయన ఆ మాట తప్పలేదు, తప్పనివ్వలేదు.

“అమ్మా, బండి నాకు నచ్చింది” అన్నాడు. “కార్తీకంల ఏడాది నిండినంక తోలుకపోత. అందాక ఎవరికీ ఇయ్యకుండ్రి.”

సుగుణమ్మ గారు ఒక్క క్షణం ఆయన్ని చూశారు. “మీరెట్లంటే గట్లనే అన్నా” అన్నారు.

ఆజం ఆగలేకపోయాడు. ఇంటి బయటికి రాగానే మొదలుపెట్టాడు. “బండికి దినాలేంది పటేలా? దానికి ఏడుపొస్తదా? అక్క పరేషాన్ చూస్తలేవా?”

“బండికి రాదు. ఆమెకొస్తది. చూడలేదా, కండ్లు తుడుసుకుంటున్నది.”

“అడిగినవా ఆమెను?”

“గవి అడిగే మాటలా?”

ఆజం అక్క వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పక్కా.”

అక్క అప్పటికే మెలకువకు వచ్చింది. బస్సు కోసం నా భుజం పట్టుకుని నిలబడి ఉంది. “మొగని బండి అది. గామె ఉసురు మనకెందుకు” అంది. “నేనాగుత తియ్.”

ఆమె ఆగింది. ఎండాకాలమంతా బస్సుల్లో, మరీ చేతకానప్పుడు కిరాయి కారులో తిరిగింది. ఆజం రెండు మూడు వేరే బండ్లు చూశాడు. ఒకటి దెబ్బ తిని రంగు వేసింది, ఒకటి చేతులు చాలా మారింది. బావకు ఏదీ ఆనలేదు. “మాటిచ్చిన ఎద్దు ఒకటుండంగ ఇంకోదాని ముడ్డి ఎట్ల చూస్త” అనేవాడు.

వినాయకచవితి సెలవులకు నేను అక్క ఊళ్లో ఉన్నాను. రెండు రోజులుగా ముసురు. దవాఖాన రోజు పొద్దున కిరాయి కారు వచ్చింది. అక్కకు ముందురోజు నుంచే ఆయాసంగా ఉంది, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నది. ఊరికీ గట్టుకూ నడుమ వాగు పారుతున్నది. పెద్ద వరదేమీ కాదు. మేము చూస్తుండగానే కూలీలతో నిండిన ఒక జీపు మెల్లగా దాటి పోయింది, నీళ్లు దాని చక్రాల నడుమ దాకా వచ్చాయి. మా కారు డ్రైవరు దిగి కట్టెతో లోతు చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇంజన్ల నీళ్లు పోతయన్నా. నడుమల ఆగితే అందరం మునుగుతం.”

బావ అతన్ని బతిమాలలేదు. పోయిన జీపును కేకేశాడు, అది వినపడే దూరం దాటింది. “ట్రాక్టర్ తెస్త” అని చెప్పి ఊరి వైపు బురదలో పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

అక్క కారులో కూర్చోలేకపోయింది. సీటు లోపలికి కుంగి ఊపిరి మరింత బిగుసుకుంటుంటే కిందికి దించి, నా ఛాతీకి ఆనించి కూర్చోబెట్టుకున్నాను. ముసురులో ఆమె ముఖం తడిసింది.

“తమ్మీ, ఇయ్యాల కూలోళ్లు వచ్చిండ్రంటావా?” అంది.

వాళ్లు వేసింది సీడుపత్తి, విత్తనాల కోసం పెంచే పత్తి. పూతకాలంలో పొద్దున్నే ప్రతి పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. ఒక్కపూట తప్పినా ఆ పూట పూలు వృథా.

“వచ్చింటరక్కా.”

“వానకు రారు” అంది. ఆ తర్వాత ఊపిరి తీసుకునే పనే ఆమెకు సరిపోయింది. ట్రాక్టర్ చప్పుడు వినిపించేసరికి ఆ పని కూడా ఆగిపోయింది. బావ ట్రాలీలో వరిగడ్డి పరిపించి తెచ్చాడు. దిగి, ఆమె ముఖం చూసి, గడ్డి మీద కప్పిన పట్టాను మడతపెట్టడం మొదలుపెట్టాడు.

కార్తీకం వచ్చింది. “మాటిచ్చిన. పోయి చెప్పాలె” అన్నాడు బావ. నేనూ ఆజమూ వెంట పోయాం. సుగుణమ్మ గారు మమ్మల్ని చూడగానే లోపలికి పోయి తాళంచెవులు తెచ్చారు. వెనక అక్క కోసం చూశారు.

“అక్క రాలే?”

“పోయిందమ్మా. భాద్రపదంల” అన్నాడు బావ. “బండి నాకొద్దు. ఎవరికన్న ఇచ్చుకొమ్మని చెప్పనీకె వచ్చిన. ఇన్ని నెల్లు మిమ్ముల ఆపిన.”

ఆమె తాళంచెవులు చేతిలోనే పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. “మీకు ఆ పట్టింపు లేకుంటే ఆ దినమే ఇస్తుంటిని గదన్నా.”

“నాకా?” అన్నాడు బావ. “మీ ఇంటికోసం ఆగిన నేను.”

“మాకు గట్లాంటిదేం లేదన్నా. మావోళ్లు మూడో వారమే అమ్ముమన్నరు. మీ పద్ధతేమో, కాదంటే మీకు మంచిది గాదేమో అని ఊరుకున్న. ఎంతమంది అడిగినా ఇయ్యలే.”

“మరి ఆ దినం కండ్లనీళ్లు పెట్టుకుంటిరి గదమ్మా.”

“ఆయన కోసం గాదన్నా” అన్నారామె. “ఆమె గట్ల నిద్రబోతుంటే చూసి.”

ఆజం లేచి బయటికి పోయాడు. బావ తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె చాయ్ తెస్తానంటే వద్దన్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చి, “ఇయ్యాలనే అమ్మెయ్‌రి అమ్మా, ఎవరడిగినా” అన్నాడు. షెడ్డు వైపు చూడకుండా గేటు దాటాడు.

దాన్ని నాగర్‌కర్నూలు వాళ్లెవరో కొన్నారు. ఆ సంగతి చెప్పడానికి ఆజం పనిగట్టుకుని ఊరికి వచ్చాడు. బావ పత్తిచేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అంతా విని, “వెనక సీటు గుడ్డ మార్చిండ్రంటనా?” అని అడిగాడు.

“నాకు తెల్వదే. కనుక్కోమంటవా?”

బావ వద్దని తల ఊపి, లేచి చేలోకి నడిచాడు. ఏరడానికి కూలీలు రాని సాళ్లలో కాయలు పగిలి, పత్తి నేల మీదికి జారుతున్నది.